అంబాసిడర్ వెనుక యాక్సిల్ కుదింపు: ఒంగోలు షెడ్డులో ప్రాజెక్టు డైరీ

ఒంగోలులో మా షెడ్డులో ఉన్న అంబాసిడర్‌కు వెనుక యాక్సిల్‌ను ఒక్కో వైపు ముప్పై మిల్లీమీటర్ల పైచిలుకు కుదించి, 7 అంగుళాల వెడల్పు రిమ్ములు ఎక్కించాం. పని జరిగిన క్రమం, చెడిన చోట్లు, కొలతలు, ఖర్చు ఇక్కడ రాస్తున్నాను. ఎవరైనా ఇదే పనికి దిగితే క్రమాన్ని తీసుకోండి, అంకెలను మాత్రం మీ బండి మీద మళ్ళీ కొలుచుకోండి. 1958 నుంచి 2014 దాకా ఉత్తర్‌పాడాలో తయారైన బండి ఇది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన ఆకారం అన్నేళ్ళూ పెద్దగా మారకపోయినా, రేకుపనిలో ఏ రెండు బళ్ళూ మిల్లీమీటరు తేడా లేకుండా ఉండవు.

చట్టం సంగతి ముందే తేల్చుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అందుకే బండితో వచ్చిన యాక్సిల్‌ను మేం ముట్టుకోలేదు. పాత ఇనుము దుకాణంలో ఇంకొక హౌసింగు (యాక్సిల్ షాఫ్టులు లోపల తిరిగే ఉక్కు గొట్టం) కొని దాన్ని కోశాం. రోడ్డు మీద తిరిగేటప్పుడు బండికి అసలు యాక్సిల్, అసలు చక్రాలే ఉంటాయి. కుదించిన యాక్సిల్ బిగించినప్పుడు బండి ట్రాలీ ఎక్కి, 1990లో మొదలైన, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కు వెళ్తుంది. అంతకు ముందు తరం అంబాసిడర్లు, ఫియట్లు పందేలు పరుగెత్తిన షోలవరం రన్‌వే మన నెల్లూరు-చెన్నై రహదారి పక్కదే. ఈ బండికి అలాంటి పరుగు దక్కాలన్నది మా కోరిక.

దశ 1: అసలు కుదించాలా?

చాలామంది యాక్సిల్ కుదిస్తే చక్రాల మధ్య దూరం తగ్గుతుందనుకుంటారు. మా లెక్కలో ఆ దూరం దాదాపు మారలేదు. అసలు విషయం రిమ్ము ఆఫ్‌సెట్‌లో ఉంది. రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యగీత గీస్తే, హబ్బుకు (చక్రం బిగించే మధ్య భాగానికి) ఆనే ముఖం ఆ గీతకు ఎంత దూరంలో ఉందో చెప్పేది ఆఫ్‌సెట్. ముఖం బయటివైపు ఉంటే ప్లస్, లోపలివైపు ఉంటే మైనస్.

బండిని చదును నేల మీద నిలిపి, తూకం గుండుతో బండి మధ్యగీతను నేల మీదికి దించి, అక్కడి నుంచి ప్రతి కొలతా తీశాం. అన్నీ మిల్లీమీటర్లలో:

1. అసలు చక్రం మధ్యగీత: 673
2. అసలు రిమ్ము ఆఫ్‌సెట్: ప్లస్ 22. అంటే హబ్బు ముఖం 695 దగ్గర ఉంది
3. లోపలి రేకు గోడ: ఎడమ 547, కుడి 538
4. మడ్‌గార్డు అంచు: ఎడమ 794, కుడి 796

ఎడమ గోడ 9 మిల్లీమీటర్లు టైరు వైపుకు జరిగి ఉంది. పాత దెబ్బ ఏదైనా అయ్యుండాలి. ఒక వైపు కొలిచి రెండో వైపు అలాగే ఉంటుందనుకుంటే ఈ పని మొత్తం వృథా అవుతుంది. ఇరుకు వైపు ఏదో తెలుసుకుని దాని ప్రకారమే లెక్క వేయాలి.

మా హబ్బు బోల్టుల వరసకు సరిపోయే 7 అంగుళాల స్టీలు రిమ్ము దొరికింది. దాని ఆఫ్‌సెట్ మైనస్ 8. నేరుగా బిగిస్తే చక్రం మధ్యగీత 695కు 8 కలిపి 703 దగ్గరికి వస్తుంది, టైరు మడ్‌గార్డును కోస్తుంది. మాకు కావలసింది 672. తేడా 31. హబ్బు ముఖాన్ని అంత లోపలికి తేవాలి.

ఇదే రిమ్ము ప్లస్ 20 నుంచి ప్లస్ 25 మధ్య ఆఫ్‌సెట్‌తో మీకు దొరికితే ఈ డైరీ ఇక్కడే మూసి ఆ రిమ్ము కొనుక్కోండి. యాక్సిల్ కోయాల్సిన అవసరమే ఉండదు. మాకు అది దొరకలేదు. రిమ్ము మధ్య పళ్ళేన్ని కోసి వేరేచోట వెల్డింగు చేసిచ్చేవాళ్ళు ఉన్నారు. ట్రాక్ మీద మలుపులో బరువంతా ఒక్క చక్రం మీద పడుతుంది కాబట్టి వెల్డింగు చేసిన రిమ్మును నేను ఒప్పుకోలేదు.

టైరు వెడల్పు విషయంలో ఒక జాగ్రత్త. 205/65 ఆర్15 టైరు మీద రాసిన 205 అనేది 6 అంగుళాల రిమ్ము మీద కొలిచినది. రిమ్ము అరంగుళం పెరిగితే టైరు సుమారు 5 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది. మాది 7 అంగుళాల రిమ్ము. గాలి నింపి కొలిస్తే 214 వచ్చింది. టైరు మీది అంకెతో కాకుండా, ఎక్కించి, గాలి నింపి, కొలిచిన అంకెతోనే లెక్క వేయండి. అందుకే యాక్సిల్ కోతకు ముందే రిమ్ములు, టైర్లు కొన్నాం.

ఖర్చు: రెండు రిమ్ములు రూ. 9,000, రెండు టైర్లు రూ. 11,200.
ఇప్పటివరకు మొత్తం: రూ. 20,200.

దశ 2: చదునైన బల్ల

యాక్సిల్ వంకర తెలియాలంటే దానికన్నా నిటారుగా ఉన్నది ఏదో ఒకటి దగ్గర ఉండాలి. యంత్రశాలల్లో వాడే కొలత బల్ల ధర మా అందుబాటులో లేదు. ప్రకాశం జిల్లాలో ఉన్నందుకు మాకు దొరికిన వరం చీమకుర్తి. గెలాక్సీ గ్రానైట్ నునుపు పట్టిన ముక్కలు అక్కడి ఫ్యాక్టరీల బయట గుట్టలుగా పడి ఉంటాయి.

నేలకు వేసే 20 మిల్లీమీటర్ల పలక పనికిరాదు, అది బరువుకు వంగుతుంది. దిమ్మె అంచు నుంచి కోసిన 100 మిల్లీమీటర్ల మందం ముక్క తీసుకున్నాం. నునుపు వేరు, చదును వేరు. అద్దంలా మెరిసే రాయి కూడా మధ్యలో పల్లంగా ఉండవచ్చు. మంచి స్ట్రెయిట్ ఎడ్జ్‌ను నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి కిందికి ఫీలర్ గేజి (మందం తెలిసిన పలుచటి ఉక్కు రేకు) దూర్చి చూశాం. ఒక చివర 0.15 మిల్లీమీటర్ల గేజి దూరింది. ఆ భాగానికి సుద్దతో గీత గీసి వదిలేశాం. మిగిలిన చోట 0.05 గేజి కూడా దూరలేదు. మా పనికి అది చాలు.

రాయిని నాలుగు కాళ్ళ మీద పెట్టకండి. నాలుగులో ఒకటి ఎప్పుడూ ఎగిరి ఉంటుంది, రాయి మెలిక పడుతుంది. మూడు ఆధారాల మీద పెట్టి రసమట్టంతో సరిచేస్తే కదలదు.

ఖర్చు: రాయి, ఆటో కిరాయి కలిపి రూ. 800. పాత హౌసింగు రూ. 7,500.
ఇప్పటివరకు మొత్తం: రూ. 28,500.

దశ 3: అమరిక కడ్డీ

హౌసింగును రెండుచోట్ల కోసి మళ్ళీ అతికినప్పుడు రెండు చివరలూ, మధ్యలో డిఫరెన్షియల్ (చక్రాలకు బలం పంచే గేర్ల అమరిక) బేరింగుల గూళ్ళూ ఒకే గీత మీద ఉండాలి. దానికోసం హౌసింగు గుండా ఒక నిటారు కడ్డీ దూర్చి, దాన్ని ప్రతిచోటా బుష్‌లతో (కడ్డీ చుట్టూ సరిపోయే ఉంగరాలతో) పట్టి ఉంచుతారు.

మొదట షెడ్డులో ఉన్న 25 మిల్లీమీటర్ల బ్రైట్ బార్‌ను పరీక్షించాం. 1.3 మీటర్ల దూరంలో రెండు వీ బ్లాకుల మీద పెట్టి డయల్ గేజి (ముల్లుతో సన్నటి తేడా చూపే సాధనం) ఆనిస్తే, తన బరువుకే మధ్యలో 0.35 మిల్లీమీటర్లు వంగింది. అంతకన్నా ముఖ్యం, వెల్డింగు లాగుడును అది ఆపలేదు. కడ్డీ గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అందుకే 38 మిల్లీమీటర్ల గ్రైండింగు చేసిన కడ్డీ కొన్నాం. అది 25 కన్నా ఐదు రెట్లకు పైగా గట్టిది.

బుష్‌ల ఆకారంలో అంబాసిడర్‌కు ప్రత్యేకత ఉంది. చాలా బళ్ళలో బేరింగు హౌసింగు చివర లోపల కూర్చుంటుంది కాబట్టి బిళ్ళలాంటి బుష్ లోపల దూర్చితే సరిపోతుంది. మా యాక్సిల్‌లో హబ్బు బేరింగు హౌసింగు చివర బయటివైపు ఎక్కుతుంది. షాఫ్టు పళ్ళెం హబ్బుకు బిగుస్తుంది. కాబట్టి చివరి బుష్‌లను లేతు మీద టోపీలా తోలించాం: టోపీ లోపలి రంధ్రం బేరింగు కూర్చునే చోటికి బిగుతుగా ఎక్కుతుంది, దాని మధ్య రంధ్రంలో కడ్డీ దూరుతుంది. మధ్యలో క్రౌన్ వీల్ (పెద్ద పళ్ళ చక్రం) తీసేసిన ఖాళీ క్యారియర్‌ను (డిఫరెన్షియల్ కూర్చునే చట్రాన్ని) హౌసింగుకు బోల్టులతో బిగించి, దాని బేరింగు గూళ్ళలో రెండు బిళ్ళ బుష్‌లు పెట్టాం.

కోతకు ముందే కడ్డీ దూర్చి చూడటం తప్పనిసరి. మా పాత హౌసింగు ఒక చివర 0.4 వంగి ఉందని అప్పుడే తెలిసింది. ఎన్నో ఏళ్ళు టాక్సీకి బరువు మోసిన హౌసింగులకు అది మామూలే. ఎలాగూ కోస్తున్నాం కాబట్టి ఆ వంకర కోతలోనే పోయింది.

ఖర్చు: కడ్డీ రూ. 2,900, నాలుగు బుష్‌ల లేతు పని రూ. 3,600.
ఇప్పటివరకు మొత్తం: రూ. 35,000.

దశ 4: కోత

కమాను కట్టలు కూర్చునే సీట్లు కదలకూడదు. అవి కదిలితే కట్టల దూరం, పినియన్ (ఇంజను వైపు నుంచి యాక్సిల్‌ను తిప్పే చిన్న గేరు) కోణం అన్నీ మారతాయి. కాబట్టి కోత సీటుకు బయట, బ్రేకు పళ్ళెం బిగించే ఫ్లాంజికి లోపల పడాలి. మాకు అక్కడ ఒక్కో వైపు తొంభై మిల్లీమీటర్ల చోటు దొరికింది.

1. హౌసింగు పొడవునా, కోసే చోటును దాటుతూ, పైభాగంలో ఒకటి, ముందుభాగంలో ఒకటి గీతలు గీకి, సన్నటి పంచితో చుక్కలు కొట్టాలి. చివర తిరిగిపోకుండా మళ్ళీ అదే కోణంలో అతకడానికి ఈ చుక్కలే ఆధారం. ఇవి లేకపోతే బ్రేకు పళ్ళెం తిరిగిపోతుంది.
2. లోపలి గేరు ఆయిలు పూర్తిగా కడగాలి.
3. ఊపిరి గొట్టం తెరిచి ఉంచాలి.
4. బ్యాండ్‌సాతో కోయాలి. గ్యాసు కోత వద్దు, అంచు పాడవుతుంది, వేడికి చివర వంగుతుంది.
5. కోసిన ముఖాలను లేతు మీద చదును చేసి, 30 డిగ్రీల వాలు తీయాలి.

హౌసింగు చివరికి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. మధ్యలో ముక్క తీసేస్తే మిగిలిన రెండు మూతుల వ్యాసాలు కలవవు. మాకు 1.3 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. అందుకని లోపల సీమ్‌లెస్ పైపుతో తోలించిన మెట్టు స్లీవు పెట్టాం. ఒక సగం ఒక వ్యాసానికి, రెండో సగం ఇంకో వ్యాసానికి సరిపోతుంది. షాఫ్టుకు తగలకుండా లోపల చుట్టూ 6 మిల్లీమీటర్ల చోటు వదిలాం. స్లీవు వెల్డింగుకు వెనుక ఆసరా అవుతుంది, అతుకుకు బలం ఇస్తుంది.

కోసి తీసిన ఉంగరాలను పారేయకండి. హౌసింగు ఉక్కు ఏదో అదే ఉక్కు అవి. వెల్డింగు పరీక్షకు అంతకన్నా మంచి ముక్క దొరకదు.

ఖర్చు: కోత, ముఖాల చదును, స్లీవులు రూ. 3,200.
ఇప్పటివరకు మొత్తం: రూ. 38,200.

దశ 5: వెల్డింగు

ఎక్కువ రాయాల్సిన దశ ఇదే.

కారు గ్యారేజీల్లో కాకుండా చీమకుర్తి క్వారీలలో ఎక్స్‌కవేటర్ బకెట్లు అతికే మేస్త్రిని పిలిచాం. మందపు ఉక్కు మీద ఆయన చేయి నమ్మదగినది. వచ్చీ రాగానే హౌసింగు లోపల వేలు పెట్టి చూపించారు.

"సార్, ఇది ఇంకా నూనె తాగే ఉంది. దీని మీద రాడ్డు పెడితే బుడగలే వస్తాయి."

"డీజిలుతో కడిగించాం మేస్త్రీ."

"పైన కడిగారు సార్. ఉక్కు సందుల్లో ఉన్నది బయటికి రావాలంటే వేడి చూపించాలి."

కోసిన ఉంగరం మీద పరీక్షించాం. ఆయన చెప్పినట్టే అతుకు నిండా సూది రంధ్రాలు. కారణాలు రెండు. ఒకటి నూనె. రెండోది రాడ్ల చెమ్మ. 7018 రాడ్లు హైడ్రోజను తక్కువ ఉండే రకం, కానీ రాడ్డు మీది పూత గాలిలోని తడిని పీలుస్తుంది. కొత్తపట్నం సముద్రం దగ్గరే ఉన్న ఊరు మాది. ప్యాకెట్టు విప్పి ఒక రాత్రి ఉంచితే చాలు. చెమ్మ రాడ్డు వల్ల బుడగలే కాక, అతుకు చల్లారాక లోపల పగుళ్ళు కూడా రావచ్చు.

మార్చినవి:

1. మూతులను గ్యాసు మంటతో పొగ ఆగేదాకా మెల్లగా వేడి చేసి, పూర్తిగా చల్లారాక తిన్నరుతో తుడిచాం.
2. రాడ్లను క్వారీ వర్క్‌షాపు ఓవెన్‌లో 300 డిగ్రీల వద్ద రెండు గంటలు కాల్చి, వేడి డబ్బాలో పెట్టుకుని ఒక్కొక్కటే తీసి వాడాం.
3. మళ్ళీ ఉంగరం మీద పరీక్షించి, అతుకును అడ్డంగా కోసి చూశాం. ఈసారి లోపల గట్టిగా ఉంది.

అప్పుడు హౌసింగు మీదికి వెళ్ళాం. కడ్డీ, బుష్‌లు బిగించి, పంచి చుక్కలు కలిపి, ఎదురెదురుగా నాలుగు టాకాలు వేశాం. తర్వాత పైన 25 మిల్లీమీటర్లు, దానికి సరిగ్గా ఎదురుగా కింద 25, ముందు 25, వెనుక 25. చేయి పెట్టగలిగేంత చల్లారితేనే తర్వాతి పూత (వెల్డింగు వరస).

ఎంత జాగ్రత్తపడ్డా వెల్డింగు లాగుతుంది. కరిగిన ఉక్కు చల్లారుతూ కుంచించుకుపోతుంది, హౌసింగు చివరను తనవైపు వంచుతుంది. దాన్ని కొలవడానికి హౌసింగును నిలువుగా నిలబెట్టాం. అడ్డంగా ఉంటే కడ్డీ సొంత వంపు కొలతలో కలిసిపోతుంది. చివరి టోపీ తీసి, డయల్‌ను కడ్డీకి బిగించి, బేరింగు కూర్చునే చోటు చుట్టూ తిప్పాం. ఎడమ వైపు డయల్ చూపిన మొత్తం తేడా:

- మొదటి పూత తర్వాత 0.18
- రెండో పూత తర్వాత 0.41
- అన్నీ అయ్యాక 0.62

కుడి వైపు చివరికి 0.35. మేం పెట్టుకున్న హద్దు 0.15.

దీన్ని సుత్తితోనో ప్రెస్సుతోనో వంచాలని చూడకండి. వేడితో వచ్చిన వంకరను వేడితోనే తీయాలి. చివర ఏవైపు వంగిందో దానికి ఎదురువైపు, అతుకుకు దూరంగా, రూపాయి బిళ్ళంత చోటును మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి వదిలేస్తే, అది చల్లారుతూ ఆ వైపును లాగి సరిచేస్తుంది. నీళ్ళు చల్లకూడదు. ఒక చుక్క కాల్చడం, పూర్తిగా చల్లారనివ్వడం, కొలవడం, మళ్ళీ ఇంకో చుక్క. ఓర్పు లేనివాళ్ళు ఈ పనికి రాకూడదు. చివరికి ఎడమ 0.12, కుడి 0.09.

"చల్లారనివ్వడం" అన్న మాటను గట్టిగా పట్టుకోండి. 1.2 మీటర్ల ఉక్కు 50 డిగ్రీల తేడాకు 0.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చేతికి వెచ్చగా తగిలే హౌసింగు పొడవు కొలిచి షాఫ్టులు చేయిస్తే అవి సరిపోవు. రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో పెట్టిన హౌసింగును నీడలో ఉన్న స్కేలుతో కొలిచినా ఇదే తంటా. మేం తెల్లవారుజామున, రెండూ ఒకే చోట రాత్రంతా ఉన్నాకే కొలిచాం.

ఆ కొలతలు: మొదటి పొడవు 1,262.0. అనుకున్నది 1,200.0. వచ్చింది 1,198.3. వెల్డింగు కుంచింపు 1.7 మిల్లీమీటర్లు తినేసింది. ఎడమ తగ్గింది 31.9, కుడి 31.8.

ఎర్ర రంగు, తెల్ల పొడి చల్లి పగుళ్ళు చూసే పరీక్ష కూడా చేశాం. ఎడమ అతుకు అంచున 12 మిల్లీమీటర్ల ఎర్ర గీత తేలింది. కంటికి అసలు కనపడనిది. గ్రైండరుతో గీత మాయమయ్యేదాకా తవ్వి, మళ్ళీ అతికి, మళ్ళీ చల్లి చూస్తే శుభ్రంగా ఉంది. తర్వాత చివరలను మరోసారి డయల్‌తో చూశాం, మారలేదు. ఈ పరీక్ష సామగ్రికి అయిన ఖర్చు మొత్తం పనిలో అతి తక్కువ. ఎవరూ వదిలేయవద్దు.

ఖర్చు: రాడ్లు, ఓవెన్, మేస్త్రి కూలి, పగుళ్ళ పరీక్ష కలిపి రూ. 2,700.
ఇప్పటివరకు మొత్తం: రూ. 40,900.

దశ 6: షాఫ్టులు

హౌసింగు పూర్తిగా చల్లారి, కొలతలు తేలాకే షాఫ్టులకు ఆర్డరు ఇవ్వాలి. ముందే 31 అని చెప్పి చేయించి ఉంటే లోపలి చివర డిఫరెన్షియల్ అడ్డ పిన్నుకు ఉండాల్సినదానికన్నా దాదాపు ఒక మిల్లీమీటరు దగ్గరగా వచ్చేది.

పాత షాఫ్టును పొట్టిగా కోసి కొత్త స్ప్లైన్ పళ్ళు (డిఫరెన్షియల్ గేరులో దూరే గాట్లు) తీయవచ్చన్నది అందరికీ తట్టే ఆలోచన. వెర్నియర్ పెట్టి చూస్తే కుదరలేదు. పళ్ళ దగ్గర బయటి వ్యాసం 31, ఆ వెనుక షాఫ్టు 28.5. పళ్ళు తీయడానికి అక్కడ ఉక్కే లేదు. షాఫ్టును మధ్యలో కోసి వెల్డింగు చేస్తామన్నవాళ్ళకు నమస్కారం పెట్టి వచ్చేశాం. మెలి తిరిగే చోట అతుకు ఉండకూడదు.

మిగిలింది కొత్తవి చేయించడం. గుండ్రటి దిమ్మె నుంచి తోలించాలంటే పళ్ళెం వ్యాసమంత లావు ఉక్కు కావాలి. 120 మిల్లీమీటర్ల వ్యాసంతో 700 పొడవు ముక్క 62 కిలోలు తూగుతుంది. అందులో ఎక్కువ భాగం లేతు కింద పొట్టుగా రాలిపోతుంది. అందుకే ఈఎన్ 24 కడ్డీ చివరను ఎర్రగా కాల్చి నొక్కి పళ్ళెంగా ఉబ్బించే ఫోర్జింగు పద్ధతిలో చెన్నైలో చేయించాం. ఈఎన్ 24 నికెలు, క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు. గట్టిపరిస్తే మెలికకు బాగా ఆగుతుంది.

వచ్చిన షాఫ్టుల మీద ఆకురాయి పెట్టి గీస్తే మెత్తగా తెగింది. గట్టిదనం పరీక్షలో రాక్‌వెల్ సి కొలమానంలో 24 వచ్చింది. మేం రాసిచ్చినది 36 నుంచి 40. వేడి చేసి గట్టిపరిచే పని సగంలోనే వదిలేశారు. వెనక్కి పంపితే మళ్ళీ ఉచితంగా చేశారు, రాకపోకల కిరాయి మాత్రం మాదే అయింది. ఈసారి గట్టిదనం 38 వచ్చింది, కానీ షాఫ్టు 0.8 వంగింది. ప్రెస్సు మీద నిదానంగా 0.15కు తెచ్చాం. హౌసింగును ప్రెస్సుతో వంచవద్దన్న మాట షాఫ్టుకు వర్తించదు, ఇందులో అతుకు లేదు.

తీసుకునేటప్పుడు చూడాల్సినవి:

1. గట్టిదనం రాతపూర్వకంగా, రెండు షాఫ్టులకూ విడివిడిగా.
2. స్ప్లైన్ పళ్ళకు నీలి రంగు పూసి సైడ్ గేరులో దూర్చాలి. రంగు అన్ని పళ్ళ మీదా సమానంగా అంటాలి.
3. పళ్ళెం ముఖం షాఫ్టుకు లంబంగా ఉందో లేదో డయల్‌తో చూడాలి. మాది 0.04.
4. లోపలి చివరకు పుట్టీ అంటించి, బిగించి, తీసి, నలిగిన పుట్టీ మందం కొలవాలి. అడ్డ పిన్నుకు ఎడమ 4.2, కుడి 4.0 మిల్లీమీటర్ల ఖాళీ మిగిలింది.

ఖర్చు: షాఫ్టులు రూ. 21,000, కిరాయి రూ. 1,800.
ఇప్పటివరకు మొత్తం: రూ. 63,700.

దశ 7: బ్రేకులు, బిగింపు

హ్యాండ్‌బ్రేకు అడ్డ రాడ్లు ఒక్కొక్కటి 32 మిల్లీమీటర్లు పొట్టి చేసి మళ్ళీ మర తీయించాం. బ్రేకు పైపులను వంచి సరిపెట్టకుండా కొత్తవి వేశాం. హబ్బు నట్టు విప్పే ముందు మర ఏ వైపు తిరుగుతుందో చూసుకోండి, బలవంతం చేస్తే హౌసింగు చివరి మరే పోతుంది. కొత్త బేరింగులు, సీళ్ళు, ఈపీ 90 హైపాయిడ్ ఆయిలు.

ఖర్చు: రూ. 5,400.
మొత్తం: రూ. 69,100.

దశ 8: చక్రం ఎక్కించాక

ఇరుకైన ఎడమ వైపు మడ్‌గార్డు అంచు మడతను లోపలివైపు నుంచి చెక్క సుత్తితో పైకి నొక్కితే 9 మిల్లీమీటర్లు కలిసొచ్చాయి. కుడివైపు కూడా అలాగే చేశాం. చక్రం బిగించాక ఎడమ వైపు ఖాళీ లోపల 17, బయట 25.

నిలబెట్టినప్పుడు ఉన్న ఖాళీని నమ్మకూడదు. బాడీని జాకీతో పక్కకు తోస్తే కమాను కట్టల రబ్బరు బుష్‌లలో ఒక్కో వైపు 8 మిల్లీమీటర్ల ఊగులాట కనిపించింది. బుష్‌లు మార్చాక అది 4కు తగ్గింది. బుష్‌లు ఈ ఖర్చులో కలపలేదు, ఎలాగూ మార్చాల్సినవే. తర్వాత డిక్కీలో ఇసుక బస్తాలు వేసి బంపు స్టాపులు ఆనేదాకా దించి చూశాం. టైరు భుజం ఎక్కడా తగల్లేదు.

బండి పొడవునా దారం లాగి రిమ్ము ముందు అంచు, వెనుక అంచు దూరం చూస్తే ఎడమ తేడా 0.5, కుడి 1.0. హౌసింగు నిటారుగానే ఉంది.

దశ 9: పరుగు

తెలిసినవారి గ్రానైట్ స్టాక్ యార్డు లోపలి దారుల్లో ఖాళీ ఉన్న వేళ నడిపాం. బ్రేకు ఎక్కువ వాడకుండా తిప్పి, ఆపిన వెంటనే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో హబ్బులు చూశాం. ఎడమ 58 డిగ్రీలు, కుడి 71. చక్రం చేత్తో తిప్పితే తేడా తెలియదు, అంకె మాత్రం చెప్పేసింది.

కుడి హబ్బు విప్పాం. బేరింగు పక్కన కూర్చునే స్పేసరు ఉంగరం హబ్బు ముఖానికి 0.25 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకుని ఉంది. షాఫ్టు పళ్ళెం బిగించినప్పుడు అది బేరింగును అతిగా నొక్కుతోంది. ఎడమ వైపు అదే 0.07. గ్రానైట్ రాయి మీద సన్నటి ఎమరీ కాగితం పరిచి, ఉంగరాన్ని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ అరగదీసి 0.07కు తెచ్చాం. మళ్ళీ నడిపితే ఎడమ 60, కుడి 61.

ఈ మార్పుతో బేరింగు మీద భారం పెరిగిందన్నది దాచకూడదు. అసలు చక్రం మధ్యగీత హబ్బు ముఖానికి 22 లోపల, అంటే బేరింగుకు దాదాపు పైనే ఉండేది. ఇప్పుడు ముఖానికి 8 బయట ఉంది. బరువు 30 మిల్లీమీటర్లు బయటికి జరిగింది, ఆ మేరకు బేరింగును వంచే బలం ఎక్కువైంది. కాబట్టి ప్రతి ట్రాక్ రోజు ముందూ తర్వాతా చక్రాన్ని పైన, కింద పట్టి ఊపి, డయల్ పెట్టి ఆట (వదులు) రాసుకుంటున్నాం. ఇప్పుడు ఎడమ 0.05, కుడి 0.04. ఇది 0.15 దాటితే బేరింగు మారుతుంది, బాగున్నట్టు కనిపించినా సరే. అతుకుల మీద ఎర్ర రంగు పరీక్ష మొదటి ట్రాక్ రోజు తర్వాత మళ్ళీ చేస్తాం, ఎడమ అతుకు అంచును ముందుగా చూస్తాం.